చైనీస్ కాలిగ్రఫీ: గీతకి బలం, అక్షరానికి నిర్మాణం – తరచుగా అడిగే ప్రశ్నలు

కుంచె పట్టిన మొదటి వారంలో వచ్చే సందేహాలు వేరు, ఆరు నెలలకి వచ్చేవి వేరు. కానీ ఎవరు అడిగినా అవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. దాదాపు అన్ని సందేహాలూ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. ఒకటి 'బీలీ', అంటే గీతలో కనిపించే బలం. రెండోది 'జ్యేగో', అంటే అక్షరం కట్టుబడి. నా అభిప్రాయం ముందే చెప్తాను. మనలో చాలామందికి చెయ్యి వెనకబడటం లేదు, కన్ను వెనకబడుతోంది. కింది జవాబుల్లో ఏది ముందు చదివినా ఫరవాలేదు.

## కుంచె కొనే ముందు

నాకు చైనీస్ ఒక్క ముక్క కూడా రాదు. అయినా నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. మాట్లాడటం రాకపోయినా నష్టం లేదు. గీతల వరస మాత్రం నేర్చుకోవాల్సిందే: పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత ముందు, నిలువుగీత తరవాత. కుంచె ఒక గీత ముగించి ఇంకో గీతకి గాలిలో వెళ్ళే దారి ఈ వరసని బట్టే ఉంటుంది. వరస తప్పితే అక్షరంలో ఊపు పోతుంది, చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. రాసే అక్షరం అర్థం కూడా తెలుసుకుంటే గుర్తుండిపోతుంది. ఇంకో మాట. మనం చూసి రాసే పాత శాసనాలు సంప్రదాయ రూపాల్లో ఉంటాయి. 1956 నుంచి చైనాలో అమలైన సరళ రూపాలు వాటిలో చాలావరకు కనిపించవు. యాప్‌లో నేర్చుకున్న అక్షరం శాసనంలో వేరేగా కనపడితే కంగారు పడొద్దు.

ఏ కుంచె తీసుకోవాలి? వంద రకాలు కనిపిస్తున్నాయి.

మూడు రకాలు తెలిస్తే చాలు. 'యాంగ్‌హావ్' మేక వెంట్రుకతో చేస్తారు. మెత్తన, ఇంకు బాగా పట్టుకుంటుంది, కానీ వంగితే వెంటనే లేవదు. 'లాంగ్‌హావ్' పేరుకి తోడేలు వెంట్రుక, నిజానికి వీజిల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక. స్ప్రింగులా లేస్తుంది. రెండూ కలిపినది 'జ్యెన్‌హావ్'. మొదటి కుంచె ఇదే తీసుకోండి. గుత్తి (వెంట్రుకల భాగం) పొడవు 4 సెంటీమీటర్లు, మందం 1 సెంటీమీటరు దగ్గరగా ఉంటే 6 నుంచి 8 సెంటీమీటర్ల అక్షరాలు హాయిగా రాయొచ్చు. కుంచెకి నాలుగు గుణాలు ఉండాలంటారు: మొన వాడిగా ఉండాలి, నొక్కి పరిస్తే అంచు సమంగా రావాలి, గుత్తి గుండ్రంగా ఉండాలి, వంచితే లేవాలి.

కొత్త కుంచె జిగురుతో బిగుసుకుని ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పూర్తిగా విప్పండి. మరిగే నీళ్ళలో పెడితే వేరు దగ్గర జిగురు వదిలి వెంట్రుకలు రాలిపోతాయి.

మన దగ్గర చైనీస్ ఇంకు, కాగితం సులువుగా దొరకవు కదా. ఏం వాడాలి?

గీతలు ప్రాక్టీసు చేయడానికి పాత న్యూస్‌పేపరు చాలు. కొద్దిగా పీలుస్తుంది, కుంచె జారిపోదు. చార్ట్ పేపరు, నున్నటి ప్రింటర్ కాగితం వద్దు. వాటి మీద కుంచె జారుతుంది, తప్పు బయటపడదు. ఇంకు సీసాలో కొన్నదే వాడండి. బీజింగ్‌లో 1865లో మొదలైన ఈ-ద-గ కంపెనీ ఇంకు చాలా దేశాల్లో దొరుకుతుంది. నీళ్ళకి చెదరని డ్రాయింగ్ ఇంకులో లక్క ఉంటుంది, కుంచెలో గట్టిపడితే ఇక వదలదు. గంధం తీసే సాన లాంటి రాయి మీద ఇంకు కడ్డీ నూరుకోవడం అందమైన పద్ధతే, కానీ మొదటి ఏడాది దాని అవసరం లేదు.

ఆన్హుయ్ రాష్ట్రంలోని జింగ్ జిల్లాలో చేసే 'శ్వెన్' కాగితం మాత్రం నెలకి నాలుగైదు షీట్లయినా వాడి చూడండి. ఇంకుని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి మీరు ఎక్కడ తడబడ్డారో అక్కడే మచ్చ పడుతుంది.

నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తోనే రాయాలా?

కుదిరితే కుడిచేత్తోనే మొదలుపెట్టండి. కైషు అనే నిలకడైన లిపిలో కుంచె మొన సాధారణంగా ఎడమ పైమూల వైపు చూస్తూ కాగితం మీదికి దిగుతుంది. ఆ కోణం కుడిచేతికి సహజంగా వస్తుంది. కుంచె పట్టు ఎలాగూ పెన్ను పట్టులా ఉండదు కాబట్టి కుడిచేయి కూడా కొత్తగానే నేర్చుకుంటుంది, మీకు పెద్దగా నష్టం లేదు. అలాగని ఎడమచేత్తో అసాధ్యమేమీ కాదు. ఫెయ్ శిన్‌వో (1903–1992) కుడి మణికట్టుకి జబ్బు చేస్తే యాభై దాటాక ఎడమచేత్తో మళ్ళీ నేర్చుకుని, ఆ చేత్తోనే పేరు తెచ్చుకున్నారు.

ఏ మాస్టర్‌ని చూసి రాయాలి?

నిలకడగా, ఒక్కో గీత విడివిడిగా రాసే లిపిని 'కైషు' అంటారు. అందులో నలుగురి పేర్లు ముందు చెప్తారు: ఓయాంగ్ శ్యున్ (557–641), యెన్ జెన్‌చింగ్ (709–785), ల్యూ గొంగ్‌చ్వెన్ (778–865), జావ్ మంగ్‌ఫు (1254–1322).

ఓయాంగ్ అక్షరం నిటారుగా, బిగుతుగా ఉంటుంది. ఎదురెదురు నిలువుగీతలు లోపలికి నడుం వంచినట్టు ఉంటాయి. 632 నాటి ఆయన జ్యూచెంగ్ భవన శాసనంలో నిర్మాణం ఎంత లెక్కగా ఉంటుందంటే, ఒక్క మిల్లీమీటరు జరిగినా అక్షరం చెడిపోతుంది. యెన్ అక్షరం వెడల్పుగా, ధైర్యంగా నిలబడుతుంది. నిలువుగీతలు బయటికి విల్లులా వంగుతాయి, నిలువు లావు, అడ్డం సన్నం. ల్యూ అక్షరంలో ఎముక కనిపిస్తుంది. అందుకే చైనీయులు 'యెన్ నరం, ల్యూ ఎముక' అంటారు. జావ్ అక్షరం మెత్తగా, ప్రవాహంలా సాగుతుంది.

గీతకి బలం రావాలంటే యెన్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఆయన 752 నాటి దువోబావ్ పగోడా శాసనం గీతలు స్పష్టంగా ఉంటాయి, మొదలూ చివరా ఎలా చేశాడో కంటికి తెలుస్తుంది. ఆ రాయి ఇప్పటికీ షియాన్‌లోని శిలాశాసనాల మ్యూజియంలో ఉంది. ఎవరిని ఎంచుకున్నా ఏడాది పాటు మార్చకండి. నెలకొక మాస్టర్‌ని మార్చేవాళ్ళ గీత ఎప్పటికీ కుదురుకోదు.

## మొదటి మూడు నెలలు: గీతలో బలం

బలం అంటే గట్టిగా నొక్కడమేనా?

కాదు. దీని గురించి ఒక పాత కథ ఉంది. నాలుగో శతాబ్దంలో కాలిగ్రఫీలో గొప్ప పేరున్న వాంగ్ షీజి తన చిన్న కొడుకు రాసుకుంటుంటే వెనకగా వచ్చి కుంచె లాగబోయాడట. అది ఊడి రాలేదు. వీడు గొప్పవాడవుతాడని తండ్రి మురిసిపోయాడట. ఈ కథ విని ఎంతమంది కుంచెని పిడికిలితో బిగించి పట్టుకున్నారో! ఏడు వందల ఏళ్ళ తరవాత కవి, కాలిగ్రాఫర్ సు షి (1037–1101) దీన్ని సరిచేశాడు. ఆ పిల్లవాడి మనసు కుంచె మీదే ఉంది, అందుకే చటుక్కున లాగినా ఊడలేదు. పట్టు బిగువే గొప్పదైతే లోకంలో కండబలం ఉన్న ప్రతివాడూ బాగా రాసేవాడే కదా అన్నాడు.

బలం మూడు చోట్ల నుంచి వస్తుంది: మొన గీత మధ్యలో నడవడం, నొక్కడం–ఎత్తడం మీద అదుపు, తొందరపడని వేగం. వీటిలో ఏదీ కండతో అయ్యేది కాదు. గట్టిగా నొక్కితే వెంట్రుకలు చీలి గీత చదునుగా, అంటే ప్రాణం లేనట్టు పడుతుంది. పట్టు గురించి అయితే చైనీయుల మాట ఒకటి గుర్తు పెట్టుకోండి: వేళ్ళు నిండుగా, అరచెయ్యి ఖాళీగా. అరచేతిలో కోడిగుడ్డు ఉందనుకుని పట్టుకోండి.

'మొన మధ్యలో నడవాలి' అంటారు. అది ఎలా ఉంటుందో అర్థం కావట్లేదు.

మనకి ఇది అర్థం చేసుకోవడం నిజానికి సులువు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల చేత వేలితో దిద్దిస్తాం కదా. వేలు వెళ్ళిన చోట లోతుగా గాడి, రెండు పక్కలా సమానంగా గట్లు పడతాయి. వేలు పక్కకి ఒరిగితే ఒక గట్టు ఎత్తుగా, ఒకటి పల్చగా వస్తుంది. చైనీయులు సరిగ్గా ఇలాగే 'ఇసుకలో ఆరెతో గీసినట్టు' అంటారు. మొన గీత నడిమధ్యలో నడిస్తే దాన్ని 'జోంగ్‌ఫెంగ్' అంటారు. అప్పుడు ఇంకు రెండు వైపులా సమంగా దిగుతుంది. మొన ఒక అంచున నడిచి పొట్ట ఇంకో అంచుని పామితే 'త్సఫెంగ్'. ఆ గీతకి ఒక అంచు నున్నగా, ఇంకో అంచు రంపంలా ఉంటుంది.

నాకు నేర్పిన టీచరుగారు రాసిన కాగితం ముందువైపు ఎప్పుడూ చూసేవారు కాదు. తిరగేసి కిటికీ వెలుతురుకి పట్టుకునేవారు. మొన మధ్యలో నడిచిన గీత వెనకవైపు నడుమ ముదురుగా, వెన్నెముకలా కనపడుతుంది. నడవని గీత వెనకవైపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. శ్వెన్ కాగితం మీద రాసి మీరూ చూసుకోండి.

ఒక్క అడ్డగీత ఎలా గీయాలో అడుగడుగునా చెప్తారా?

మొనని కాగితం మీద ఆనించి, వెళ్ళాల్సిన దిక్కుకి ఎదురుగా, ఎడమకి రెండు మూడు మిల్లీమీటర్లు నెట్టండి. కుడికి పోవాలంటే ముందు ఎడమకి పోవాలి, ఇది పాత సూత్రం. అక్కడి నుంచి కుడి కిందికి ఏటవాలుగా నొక్కండి. గుత్తిలో కింది మూడో వంతు కంటే ఎక్కువ వంగకూడదు. ఇప్పుడు కదలకుండా ఒక్క క్షణం ఆగి, కుంచెని వెంట్రుకవాసి పైకి ఎత్తండి. చెదిరిన వెంట్రుకలు ఆ ఎత్తడంలోనే మళ్ళీ కూడుకుని మొన మధ్యకి వస్తుంది. చాలామంది వదిలేసేది ఈ ఎత్తడమే.

తరవాత కుడికి, కొద్దిగా పైకి ఎక్కుతూ, ఒకే వేగంతో సాగండి. నడుమ గీత కొంచెం సన్నబడాలి. చివరికి చేరాక కాస్త ఎత్తి, కుడి కిందికి నొక్కి, వచ్చిన దారినే ఎడమకి తిరిగి మొనని గీత లోపల దాచేసి ఎత్తేయండి.

ఎత్తాక కాగితం కాదు, కుంచె చూడండి. మొన సూటిగా ఉంటే గీత సరిగ్గా పడింది. ఒక పక్కకి వంగిపోయి లేదా రెండుగా చీలి ఉంటే ఎక్కడో నొక్కారు గానీ ఎత్తలేదు. ప్రతి గీతకీ ఇంకు గిన్నె అంచుకి ఒత్తి మొన సరిచేసుకునే అలవాటు ఉంటే మానుకోండి, గీతలోనే మొన సరిచేసుకోవడం నేర్చుకోవాలి.

నా గీత వణుకుతోంది. టెన్షన్ వల్లా?

కొంతవరకు టెన్షనే. ఊపిరి బిగబట్టి రాసేవాళ్ళకి వణుకు ఎక్కువ. కానీ ఎక్కువగా కనిపించే కారణాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, కుంచెలో ఇంకు సరిపోక మధ్యలో ఆరిపోవడం. రెండోది ఆశ్చర్యంగా ఉంటుంది: మనం చూసి రాసేది రాతి ముద్ర, అంటే శాసనం మీద కాగితం పరిచి ఇంకుతో తీసిన అచ్చు. పన్నెండు వందల ఏళ్ళలో రాయి అంచులు పెచ్చులూడి గీతలు గరుకుగా కనిపిస్తాయి. ఆ గరుకుని కూడా అలాగే దించాలని చెయ్యి వణికించేవాళ్ళని చూశాను. ఉలి దెబ్బ వెనక ఉన్న కుంచె దెబ్బని చూడాలని కాలిగ్రఫీ పండితుడు చీ గోంగ్ (1912–2005) గట్టిగా చెప్పేవారు. రాయి పోగొట్టుకున్నదాన్ని మీ కన్ను పూరించాలి.

నిలువుగీత మరీ నిదానమై వణుకుతుంటే ఒక పోలిక పనికొస్తుంది. వానాకాలం మట్టిగోడ మీద నీటిచుక్క కారడం చూశారా? ఒక్కసారిగా జారదు. నిండుతుంది, దిగుతుంది, మళ్ళీ నిండుతుంది. ఎక్కడా తెగదు. యెన్ జెన్‌చింగ్‌కీ, సన్యాసి హ్వాయ్‌సుకీ మధ్య జరిగిందని చెప్పే సంభాషణలో ఈ 'కారే కప్పు మరక' పోలిక వస్తుంది. నిదానం అంటే అదే.

నా గీతలు లావుగా ఉబ్బి, ముద్దలా వస్తున్నాయి. ఎందుకు?

ఇంకు ఎక్కువై, ఎముక తక్కువై. వెయ్ ఫురెన్ అనే నాలుగో శతాబ్దపు ఆవిడ పేరు మీద ఉన్న పాత వ్యాసం ఒకటి దీనికి పేరే పెట్టింది: మాంసం ఎక్కువ, ఎముక తక్కువ ఉన్న రాత 'ఇంకు పంది' అట. చేయాల్సింది చిన్న పనే. కుంచె ముంచాక గిన్నె అంచుకి రెండు వైపులా ఒత్తి, చుక్క కారకుండా చూసుకోండి. వారం రోజులు కావాలని సన్నగా రాయండి. సన్నగా రాసినా నిలబడే గీతే, లావుగా రాసినప్పుడు కూడా నిలబడుతుంది.

మణికట్టు బల్ల మీద ఆనించి రాయొచ్చా?

రెండు సెంటీమీటర్ల చిన్న అక్షరాలకి ఆనించొచ్చు. 5 సెంటీమీటర్లు దాటితే మణికట్టు ఎత్తాలి, మోచేయి ఆన్చినా ఫరవాలేదు. అరచేతి కన్నా పెద్ద అక్షరాలకి మోచేయి కూడా ఎత్తి భుజం నుంచి రాయాలి. పెన్నుతో తెలుగు గుండ్రటి అక్షరాలు రాసి రాసి మన కదలికంతా వేళ్ళలోనే ఉంటుంది. కుంచెకి అది చాలదు. మొదటి రెండు వారాలు భుజం నొప్పి వస్తుంది, తరవాత తగ్గిపోతుంది. మణికట్టు నొప్పి వస్తే మాత్రం పట్టు తప్పు, ఆపి సరిచేసుకోండి.

'యోంగ్' అక్షరం ఒక్కటి బాగా రాస్తే అన్ని గీతలూ వచ్చేసినట్టేనా?

'శాశ్వతం' అని అర్థమిచ్చే ఈ అక్షరంలో ఎనిమిది మూల గీతలున్నాయని సంప్రదాయం: చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం, పైకెక్కే గీత, పొడుగ్గా ఎడమకి జారేది, పొట్టిగా ఎడమకి కొట్టేది, కుడికి జారేది. మొదటి పరిచయానికి బాగుంటుంది. కానీ దాన్ని ఒక్కదాన్నే నెల రోజులు రాస్తే విసుగొచ్చి మానేస్తారు. పది అక్షరాలు ఎంచుకోండి, వాటిలో 'యోంగ్' ఒకటి కావాలి.

## మూడో నెల నుంచి: అక్షర నిర్మాణం

ముందు గీత నేర్చుకోవాలా, నిర్మాణం నేర్చుకోవాలా?

పెద్దవాళ్ళలోనే భేదాభిప్రాయం ఉంది. జావ్ మంగ్‌ఫు కుంచె నడకే ప్రధానం అన్నాడు. అక్షరాల కూర్పు కాలాన్ని బట్టి మారుతుంది, కుంచె నడక వెయ్యేళ్ళయినా మారదు అన్నాడు. అయితే కూర్పుకీ శ్రమపడాలని అదే చోట చెప్పాడు, ఆ సగం మనవాళ్ళు చెప్పరు. చీ గోంగ్ దీనికి ఎదురు నిలబడి, కుంచె నడక కంటే అక్షరం కూర్పే కష్టం అన్నారు.

నేను రెండో పక్షం. మంచి గీతలు తప్పు చోట్ల పెడితే అక్షరం చచ్చిపోతుంది. మామూలు గీతలు సరైన చోట పెడితే కనీసం నిలబడుతుంది. పైగా సరైన చోట పడిన గీత, ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. దూలం ఎంత గట్టిదైనా స్తంభం మీద సరిగ్గా కూర్చోకపోతే ఇల్లు నిలబడదు కదా. ఆచరణలో అయితే రోజూ పదినిమిషాలు గీతలు, మిగతా సమయం అక్షరాలు.

గీతలు విడిగా బాగానే ఉన్నాయి. అక్షరం మాత్రం పడిపోతున్నట్టు ఉంది. ఎందుకు?

చూడకుండా రాస్తున్నారు కాబట్టి. 'మూడు' అని అర్థమిచ్చే 'సాన్' తీసుకోండి. మూడే అడ్డగీతలు, చిన్నపిల్లలు కూడా రాసే అక్షరం. మూడూ ఒకే పొడవుతో, సమంగా గీస్తే అది కంచె తడిక అవుతుంది. శాసనంలో చూడండి. పైగీత కొంచెం పైకి పళ్ళెంలా వంగి ఉంటుంది. మధ్యది అన్నింటికన్నా పొట్టి, దాదాపు తిన్నన. కిందిది అన్నింటికన్నా పొడుగు, గొడుగులా కొద్దిగా కిందికి కప్పుతుంది. మూడింటి ఏటవాలు మూడు రకాలు. మూడింటి నడిమి బిందువులు మాత్రం ఒకే నిలువు మీద ఉంటాయి. ఆ నిలువు తప్పితేనే పడిపోయినట్టు ఉంటుంది.

ఏ అక్షరంలోనైనా ఒక ముఖ్యగీత ఉంటుంది. అది పొడుగ్గా, ధీమాగా సాగాలి. మిగతావి దానికి దారి ఇవ్వాలి. ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడనట్టే, అన్ని గీతలూ పొడుగ్గా ఉంటే ఏదీ కనపడదు. రాసే ముందు అడగండి: ఇందులో పెద్ద గీత ఏది? పొట్టి గీత ఏది? అతి దగ్గరగా ఉన్న రెండు గీతలు ఏవి? ఈ మూడింటికి జవాబు వచ్చాకే కుంచె ముంచండి.

అడ్డగీత పైకి ఎక్కుతూ ఉంటుందేం? వంకరగా కనపడదా?

స్కేలు పెట్టి అడ్డంగా గీసిన గీత కంటికి కుడివైపు జారుతున్నట్టు అనిపిస్తుంది. కొద్దిగా, సుమారు ఐదారు డిగ్రీలు ఎక్కితే ఉషారుగా ఉంటుంది. అలా ఎక్కినదాన్ని నిలబెట్టేందుకు కుడివైపు చివర బరువు పెడతారు, లేదా కుడికి జారే లావాటి గీత కాలు చాపినట్టు ఆసరా ఇస్తుంది. ఒకే అక్షరంలో అడ్డగీతలన్నీ ఒకే కోణంలో ఎక్కితే మాత్రం మెట్ల మీద జారినట్టు ఉంటుంది.

ఎడమ భాగం, కుడి భాగం అతకట్లేదు. రెండు వేర్వేరు అక్షరాల్లా ఉన్నాయి.

'అడవి' అని అర్థమిచ్చే 'లిన్' చూడండి. రెండు చెట్లు పక్కపక్కన. చెట్టు ఒంటరిగా ఉంటే కొమ్మలు రెండు వైపులా చాపుకుంటుంది. పక్కన ఇంకో చెట్టు వచ్చేసరికి ఎడమ చెట్టు ఒళ్ళు దగ్గరకి తీసుకుంటుంది. దాని అడ్డగీత కుడివైపు పొట్టిదవుతుంది. కుడికి జారాల్సిన పొడుగు గీత చిన్న చుక్కగా మారిపోతుంది. కుడి చెట్టు కొంచెం పొడుగ్గా, వెడల్పుగా నిలబడి తన కుడి కొమ్మని పూర్తిగా చాపుతుంది. రెండింటి మధ్య గీతలు ఒకదాని ఖాళీలోకి ఒకటి దూరతాయి, తగలవు. దీన్ని 'చోటివ్వడం' అంటారు. రద్దీ బస్సులో సీటు మీద కాస్త సర్దుకుని ఇంకొకరికి చోటిచ్చినట్టే. మన తప్పు ఎక్కడంటే, ఎడమ చెట్టుని పూర్తి చెట్టుగా రాసేశాక కుడిదానికి చోటు వెతుక్కుంటాం.

ట్రేసింగ్ చేస్తే చెడు అలవాటు పడుతుందా?

పడదు, కానీ ట్రేసింగ్ సగం పనే చేస్తుంది. 1200 ప్రాంతంలో కాలిగ్రఫీ మీద రాసిన కవి జ్యాంగ్ క్వెయ్ దీన్ని చక్కగా తేల్చాడు: పక్కన పెట్టుకుని చూసి రాస్తే పాతవాళ్ళ స్థానాలు తప్పుతాయి, కానీ వాళ్ళ కుంచె భావం దొరుకుతుంది. పైన కాగితం పెట్టి దిద్దితే స్థానాలు దొరుకుతాయి, కుంచె భావం పోతుంది. అంటే నిర్మాణానికి దిద్దడం, బలానికి చూసి రాయడం. కొత్త అక్షరాన్ని రెండుసార్లు దిద్దండి, ఐదుసార్లు చూసి రాయండి, చివరికి శాసనం మూసేసి ఒకసారి గుర్తుంచుకుని రాయండి. ఆ చివరిదాన్ని అసలు పక్కన పెట్టి పోల్చండి. మీ కన్ను ఏం చూడలేదో అందులో బయటపడుతుంది.

గళ్ళ కాగితం ఎంతకాలం వాడాలి? ఏ గళ్ళు మంచివి?

నిలువు, అడ్డం, రెండు మూలగీతలు ఉన్న 'మీ' గడితో మొదలుపెట్టండి. ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టే, చెయ్యి కుదిరేదాకా ఆసరా. ఒక జాగ్రత్త: గడి నడిమధ్యలో అక్షరం నడిమధ్య ఉంటుందనుకోకండి. చీ గోంగ్ పాత కైషుని కొలిచి చూసి, గడిని 13 భాగాలు చేసి 5, 3, 5గా నిలువూ అడ్డం విడదీశారు. ఆ గీతలు కలిసే నాలుగు బిందువుల దగ్గర గీతలు గుమిగూడతాయని, వాటిలో ఎడమ పైది ముఖ్యమని చూపించారు. అందుకే మంచి అక్షరం కొంచెం ఎడమ పైకి బిగిసి, కుడి కిందికి వదులుగా ఉంటుంది. ఏడాది తరవాత నెలకి ఒక వారం తెల్లకాగితం మీద రాసి చూసుకోండి.

'ఖాళీని చూడు' అంటారు. ఖాళీలో చూడటానికి ఏముంది?

గీతలు మీరు గీస్తారు, ఖాళీ దానంతటదే వస్తుందనుకుంటాం. కాలిగ్రాఫర్ డెంగ్ షిరు (1743–1805) తెల్లదాన్ని నల్లదానిలా లెక్కపెట్టమన్నాడు. పల్చగా ఉన్నచోట గుర్రం పరిగెత్తగలగాలి, ఒత్తుగా ఉన్నచోట గాలి కూడా దూరకూడదు అన్నాడు. ఒక పని చేయండి. శాసనం పేజీని తలకిందులు చేసి చూడండి. అక్షరం చదవడం ఆగిపోతుంది, తెల్లటి ముక్కలు ఆకారాల్లా కనిపించడం మొదలవుతాయి. ఒక్కో ముక్క ఆకారాన్ని పెన్సిల్‌తో విడిగా గీయండి. మీ రాతలో అదే ముక్క ఎలా ఉందో పక్కన పెట్టండి.

## ఏడాది దాటాక

శింగ్‌షు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? కైషు బోర్ కొడుతోంది.

శింగ్‌షు అంటే గీతలు కలుపుతూ రాసే లిపి, త్సావ్‌షు అంటే ఇంకా వేగంగా, గీతలు కుదించి రాసే లిపి. సు షి పోలిక సరిపోతుంది: కైషు నిలబడటం, శింగ్‌షు నడవడం, త్సావ్‌షు పరిగెత్తడం. నిలబడలేనివాడు పరిగెత్తలేడు. ఒక చిన్న పరీక్ష చెప్తాను. చూడకుండా ఇరవై కైషు అక్షరాలు రాసి, అసలు పక్కన పెడితే పొడుగు–పొట్టి సంబంధాలు పదిహేనింట్లో సరిపోతే వెళ్ళొచ్చు. కాలిగ్రఫీ మీద గ్రంథం రాసిన సున్ గ్వోటింగ్ 687లో చెప్పిన మాట ఈ దశకి పనికొస్తుంది: మొదట తిన్నగా రావాలని చూడు, తిన్నగా వచ్చాక సాహసం చేయి, సాహసం వచ్చాక మళ్ళీ తిన్నదనానికి రా. బోర్ కొట్టి వెళ్తే మొదటి మెట్టు మీంచి దూకినట్టే. వెళ్ళినా వారంలో రెండు రోజులు కైషు వదలకండి.

ఒకే అక్షరం పేజీలో నాలుగుసార్లు వస్తే నాలుగూ ఒకేలా ఉండాలా?

కైషులో నిర్మాణం ఒకటే, చిన్న మార్పులు ఉండొచ్చు. శింగ్‌షులో అయితే ఒకేలా ఉంటేనే లోపం. 353లో వాంగ్ షీజి రాసిన ఆర్కిడ్ మంటప పీఠిక 28 వరసలు, 324 అక్షరాలు. అందులో 'జ్' అనే అక్షరం ఇరవై సార్లు వస్తుంది, ఏ రెండూ ఒకేలా ఉండవని పేరు. అసలు ప్రతి పోయింది, తాంగ్ రాజవంశం కాలపు నకళ్ళే మనకి మిగిలాయి. ఆ నకళ్ళలో ఈ 'జ్'లన్నీ విడిగా కత్తిరించి ఒక షీటు మీద అతికించుకుని చూడండి. మారేది ఏది, మారనిది ఏది అని రాసుకోండి. మారనిదే ఆ అక్షరం నిర్మాణం.

రోజుకి ఎంతసేపు రాయాలి?

ఆదివారం నాలుగు గంటలు రాయడం కంటే రోజూ అరగంట మేలు. ఆ అరగంటలో రెండు అక్షరాలు చాలు. ఒక్కో అక్షరాన్ని మూడు నిమిషాలు చూడండి, ఒకసారి రాయండి, మళ్ళీ చూడండి. వందసార్లు చూడకుండా రాస్తే తప్పు వందసార్లు చేతికి అలవాటవుతుంది.

రెండేళ్ళయింది, రాత అక్కడే ఆగిపోయింది. ఏం చేయాలి?

ఆగింది చెయ్యి కాదు, దాదాపు ఎప్పుడూ కన్నే. ముందు సైజు మార్చండి. ఎప్పుడూ 6 సెంటీమీటర్లు రాసేవాళ్ళు నేల మీద కాగితం పరిచి 25 సెంటీమీటర్ల అక్షరం రాస్తే, దాక్కున్న బలహీన గీతలన్నీ బయటికొస్తాయి. బీజింగ్ పార్కుల్లో పెద్దవాళ్ళు పొడుగు కర్రకి స్పాంజి కట్టి నీళ్ళతో రాళ్ళ మీద రాస్తుంటారు. మేడ మీద గచ్చుపై బకెట్ నీళ్ళతో మనమూ అలా చేయొచ్చు, భుజం కదలిక బాగా వదులవుతుంది.

తరవాత ఇంకో మాస్టర్‌ని మూడు నెలలు పట్టుకోండి. యెన్ రాసేవాళ్ళు ఓయాంగ్‌కి వెళ్తే నిర్మాణం బిగుస్తుంది, ఓయాంగ్ రాసేవాళ్ళు యెన్‌కి వెళ్తే గీత తెగువ తెచ్చుకుంటుంది. ప్రతి నెల మొదటి తేదీన అదే నాలుగు అక్షరాలు రాసి, తేదీ వేసి, ఒక ఫైలులో పెట్టండి. ఏడాదికి పన్నెండు కాగితాలు. ఫైలు తెరిచినప్పుడు ముందు ఒక్కో కాగితం వెనకవైపు కిటికీకి పట్టి చూడండి, తరవాత తిప్పండి.